పిస్టన్ మీద జొన్నపిండి

ఆలూరు రోడ్డు మీద నిన్నమొన్నటి కార్లన్నీ నన్ను దాటిపోతుంటే నాకు కడుపు మండేది. నా పాత పెట్రోలు కారుకు బలం పెంచాలనుకున్నాను. టర్బో పెట్టించుకో అన్నారు ఆదోనిలో అందరూ. మా ఆయన అందరికన్నా ముందు.

"గాలి లోపలికి ఊదేది తగిలిస్తే సాలు గదా, ఈ కోతలెందుకు నీకు?"

ఒకరు ఊదితే పరుగెత్తేది నాకొద్దు. నా ఇంజను తన ఊపిరి తానే పీల్చుకోవాలి. మొండిదన్నారు. అనుకోనీ.

నా పథకం ఇది. ఇంజను లోపల తిరిగే ఇరుసు, అంటే క్రాంకు మార్చి, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం పెంచడం. దూరం పెరిగితే పీల్చే గాలి పెరుగుతుంది, గాలితో బలమూ పెరుగుతుంది. దానికి తగ్గట్టు, గాలికి దారి తెరిచే వాల్వులను మరింత కిందికి నొక్కే క్యామ్ ఎంచుకున్నాను. చిక్కంతా అక్కడే. దిగే వాల్వుకు లేచే పిస్టన్ తగిలిందా, ఇంజను ముక్కలే. ఆ మోడల్ ఇంజను బ్లాకు ఇప్పుడు ఎక్కడా దొరకదు.

ఈ పని అప్పగించిన ఎమ్మిగనూరు లేత్ మేస్త్రీని నేను అన్నా అంటాను. పిస్టన్ మీద పిండి ముద్ద అద్ది, వాల్వులుండే పైమూత హెడ్డు బిగించి, ఇంజనును చేత్తో తిప్పి, విప్పి చూడటం ఆయన పద్ధతి. వాల్వు నొక్కిన చోట పిండి ఎంత మందం మిగిలితే అంత సందు ఉన్నట్టు. పక్క హోటల్ నుంచి పూరీ పిండి తెప్పించి, అలాగే చేసి, నొక్కుకున్న ముద్దను కోసి, కొలిచాడు.

"శానా సందుంది సెల్లీ. వాల్వులు తగలకుండా పిస్టన్లకు గుంటలు కొయ్యాల్సిన పన్లేదు. బిగించేస్తా."

ఆ ముద్దను వేలితో నొక్కి వదిలాను. పడిన గుంట మెల్లగా పైకి లేచింది.

"సూడన్నా, మల్లా లేస్తాంది. వాల్వు నొక్కింది గూడా ఇట్లే లేసి మందం ఎక్కువ సూపిచ్చింటది. జొన్నపిండితో సూడాల."

"పిండి ఏదైతే ఏముందమ్మా! ఇన్నేండ్లుగా సూస్తాండా. ఇది ఇంజనా, రొట్టెనా?"

"రెండూ నాకు తెల్సు కాబట్టే సెప్తాండా."

మొహం మాడ్చుకున్నాడు. టర్బో అయితే ఈ తంటా ఉండేది కాదని గొణిగాడు. నేను కదల్లేదు. అంగట్లో జొన్నపిండి తెచ్చి, హోటల్లో వేడినీళ్లు అడిగి, ఆయన పనిబల్ల మీదే కలిపాను. రొట్టెలు తట్టేవాళ్లకు తెలుసు, జొన్నపిండి విరుగుతుందే తప్ప సాగదు. వేలిముద్ర పడితే పడినట్టే ఉంటుంది.

ఈసారి తిప్పింది నేనే. హెడ్డు విప్పాం. వాల్వు దిగిన చోట పిండి ఉల్లిపొరంత మిగిలింది, కింద లోహం మెరుస్తోంది. బిగించి ఉంటే మొదటి పరుగులోనే నా బండి పని అయిపోయేది.

మేస్త్రీ ఆ పొరను గోటితో గీకి చూశాడు.

"బిగించేస్తాంటినే తల్లీ," అన్నాడు. తర్వాత సుద్దముక్క నా చేతికిచ్చాడు. "గుంటలు యాడ కొయ్యాల్నో గీయి."

గీశాను. సాయంత్రం ఆదోనికి తిరిగొచ్చి జరిగిందంతా చెప్పాను.

"ఇప్పుడన్నా టర్బో పెట్టించుకుంటావా?" అన్నాడు మా ఆయన.

"నువ్వు పెట్టించుకో. మేడ మెట్లెక్కితే ఆయాసపడేది నువ్వు. నా బండికి దాని ఊపిరి సాలు."