బఫేకి ముందు ఆరాధన

టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చిన కొత్తలో ఆదివారం దగ్గరపడుతోందంటే నాకు దిగులుగా ఉండేది. మేము వెళ్ళే ఇంగ్లీషు చర్చి చాలా పెద్దది. పార్కింగ్‌లో కార్లకు దారి చూపించడానికే ఒక గుంపు నిలబడేది. లోపలికి అడుగుపెడితే కాఫీ, పలకరింపులు. ఎవరూ నన్ను తక్కువ చేసి చూడలేదు. కానీ తలవంచి కళ్ళు మూసుకోగానే ఇంగ్లీషు మాటలు అందేవి కావు. కూరగాయల బేరం, కరెంటు బిల్లు గొడవ ఇంగ్లీషులో నెట్టుకొచ్చేదాన్ని. దేవుడితో మాట్లాడబోతే మాత్రం తెలుగు తప్ప ఇంకేదీ నోటికొచ్చేది కాదు. మనసులో గొణుక్కుని బయటికి వచ్చేదాన్ని.

మా ఆయన అదే ఊళ్ళో, లాస్ కొలీనాస్ అనే పేటలోని ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవారు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. నెల్లూరులో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఇక్కడ బట్టలు ఉతకడం, మడతపెట్టడం నా పెద్ద కార్యక్రమాలయ్యాయి. మా అపార్ట్‌మెంట్లలో అందరికీ కలిపి ఒకటే లాండ్రీ రూమ్. ఒకరోజు అక్కడ దుప్పట్లు మడతపెడుతూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నాను. పక్కన మెషీన్‌లో బట్టలు వేస్తున్న అమ్మాయి ఆగిపోయింది. నిండు నెలల గర్భిణి. చూస్తుండగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అక్కా, అది మా నాయనమ్మ పాడే పాట. మీరు తెలుగువాళ్ళా? మా ఇంటికొచ్చి ఒకసారి ప్రార్థన చేస్తారా? డెలివరీ అంటే చాలా భయంగా ఉంది.”

ఆ సాయంత్రమే నేనూ మా ఆయనా వెళ్ళాం. మా ఆయన ఇండియాలో ఉన్నప్పుడు యూత్ మీటింగుల్లో వాక్యం చెప్పిన మనిషే గానీ పాస్టరు కాదు. ఆ ఇంట్లో నేల మీద కూర్చుని తెలుగులో చాలాసేపు ప్రార్థన చేశాం. లేచేసరికి నా గుండెల మీద నుంచి ఏదో దిగిపోయినట్టనిపించింది. “వచ్చే ఆదివారం మీ ఇంట్లో పెట్టుకుందామా?” అని ఆమె భర్త అడిగాడు. మా సంఘం అలా మొదలైంది. సంఘం పెడుతున్నామని అప్పటికి మాకే తెలియదు.

నెలలు గడిచేకొద్దీ మా హాలు నిండిపోయింది. సోఫాని బాల్కనీలోకి తోసి, అందరం నేల మీద కూర్చునేవాళ్ళం. గొంతెత్తి పాడేవాళ్ళం, చప్పట్లు కొట్టేవాళ్ళం. కింద ఫ్లాట్‌లో ఒక నర్సు ఉండేదని, ఆమెకి రాత్రి డ్యూటీలని, పగలు నిద్రపోతుందని మాకు తెలియదు. ఫ్లాట్లు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసు మేనేజరు పిలిచి చెప్పింది. మా ఆయన క్షమాపణ అడగడానికి వెళ్తే ఆ నర్సు ఎర్రబడిన కళ్ళతో తలుపు తీసి, పాటలు బాగానే ఉంటాయనీ, చప్పట్లే తన నెత్తి మీద పడుతున్నాయనీ చెప్పిందట. తిరిగొచ్చి ఆయన సోఫాని మళ్ళీ లోపలికి లాగారు.

“ఇంకో చోటు చూసుకోవాలి,” అన్నారు.

హోటళ్ళ కాన్ఫరెన్స్ రూములు అడిగాం. అద్దె వినగానే థాంక్యూ చెప్పి బయటపడ్డాం. పార్కులో షెడ్డు కింద కూడుకుంటే, టెక్సస్ ఎండకి చంటిపిల్లల ఒళ్ళంతా చెమటకాయలు. చివరికి ఇండియన్ కిరాణా షాపుల వరసలో ఉన్న ఒక తెలుగు రెస్టారెంట్‌కి వెళ్ళాం. యజమానిది గుంటూరు. కౌంటర్ మీద వెంకటేశ్వరస్వామి పటం, దానికి పూలదండ, పక్కనే సోంపు గిన్నె. మా ఆయన నసుగుతూ సంగతి చెప్పారు.

“తెలుగులోనా?” అన్నాడాయన. “మరి ఇక్కడ నా వెంకన్న ఉన్నాడు. మీకేం అభ్యంతరం లేదుగా?”

“మీ హోటలండీ. మేమే కదా వచ్చేవాళ్ళం.”

“అయితే రండి. పొద్దున ఎలాగూ హాలు ఖాళీనే. బఫే టైముకి మాత్రం కుర్చీలు ఎక్కడివక్కడ సర్దేయాలి. అదొక్కటే నా కండిషన్.”

“రెంట్ ఎంత ఇమ్మంటారు?”

“ఖాళీ హాలుకి రెంటేంటి సార్! వెళ్ళేటప్పుడు ఓ ప్లేటు తిని వెళ్ళండి, చాలు.”

అలా మా ఆరాధన బఫేకి ముందు జరిగే కార్యక్రమమైంది. తలుపు తీయగానే ముందురోజు బిర్యానీ వాసన. నీళ్ళ జగ్గులు పెట్టే ఎత్తు స్టూలు మీద శాలువా కప్పితే అదే వాక్యం చెప్పే పుల్పిట్. ప్రభువు బల్లకి గిన్నెలు కొనే స్థోమత లేదు. చట్నీ పోసే చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ద్రాక్షరసం పోసేవాళ్ళం, రొట్టెకి నేను ఇంట్లో కాల్చిన చపాతీ. వాక్యం మధ్యకి వచ్చేసరికి వంటింట్లో పోపు చిటపటలాడేది. కరివేపాకు ఘాటుకి ముందు వరసవాళ్ళు తుమ్మేవాళ్ళు. మా ఆయన ఆగి, అందరూ తుమ్మేశాక మళ్ళీ అందుకునేవారు. పిల్లల్ని నేను మూల బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని బైబిల్ కథలు చెప్పేదాన్ని. మళ్ళీ టీచరునైనట్టు ఉండేది.

ఆ రోజుల్లోనే మాస్టర్స్ చదివే వరంగల్ అమ్మాయి ఒకతె వచ్చింది. “అక్కా, నాకు కీబోర్డ్ వస్తది. కానీ నా దగ్గర లేదు,” అంది. ఇంటి ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్‌లో ఒక పాత కీబోర్డ్ దొరికింది. దాంట్లో కొన్ని మెట్లు మూగవి. ఆ పిల్ల రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి, “అక్కా, గీ పాటలు అయితే వాయిస్త, గవి మాత్రం అడగొద్దు,” అని తేల్చేసింది. ఆ మూగ మెట్లు ఒప్పుకున్న పాటలే చాలాకాలం మా ఆరాధనలో పాడుకున్నాం.

తర్వాత చెడ్డ కాలం వచ్చింది. ఉద్యోగాలు ఊడిపోవడం మొదలైంది. ప్రతివారం ఎవరో ఒకరు లేచి, “న్యూజెర్సీలో ప్రాజెక్టు దొరికింది, ప్రార్థన చేయండి,” అనేవారు. ప్రార్థించి పంపేవాళ్ళం. వాళ్ళ కుర్చీలు ఖాళీ అయ్యేవి. మా ఆయన కాంట్రాక్టు కూడా ఆగిపోయింది. కొత్త ప్రాజెక్టు దొరకకపోతే మేమూ ఊరు వదలాలి, లేదంటే దేశమే వదలాలి.

ఒక శనివారం అడిగేశాను. “ఇంక ఆపేద్దామా? మనకే దిక్కు లేదు.”

ఆయన బైబిల్లోంచి రాసుకున్న కాగితం తీసి చూపించారు. “రేపటికి వాక్యం సిద్ధం చేసుకున్నాను. అది చెప్పనీ. తర్వాత ఆలోచిద్దాం.”

మర్నాడు వచ్చింది కొద్దిమందే. మేమిద్దరం, వరంగల్ అమ్మాయి, లాండ్రీ రూములో కలిసిన అమ్మాయి, ఆమె భర్త, వాళ్ళ చంటిబిడ్డ, ఇంకో జంట. రెండో పాట పాడుతుండగా యజమాని లోపలికి వచ్చాడు. ఆరాధన జరుగుతున్నప్పుడు ఆయన ఎన్నడూ తలుపు తీసి ఎరగడు. మొహం పాలిపోయి ఉంది.

“సారీ సార్, మీరు కానివ్వండి. మా కుక్ రాలేదు, ఫోనెత్తట్లేదు. హెల్పరు లీవులో ఉన్నాడు. ఇవాళ బర్త్‌డే పార్టీ కూడా ఒప్పుకున్నా. వాళ్ళకి ఫోన్ చేసి క్యాన్సిల్ అని చెప్పాలి. మీరు కుర్చీలు సర్దక్కర్లేదు, బఫే లేదివాళ. అది చెబుదామనే వచ్చా.”

మా ఆయన నావైపు చూశారు. నేను చీర కొంగు బిగించేశాను.

“క్యాన్సిల్ చేయకండి,” అన్నారాయన బైబిలు మూసి. “మాలో ఎవరికేం వచ్చో చూద్దాం.”

వంటింట్లోకి దూరాం. అంత పెద్ద పొయ్యిలు నేనెప్పుడూ చూడలేదు. మంట ఎక్కువై మొదటి పోపు మాడిపోయింది, రెండోది కుదిరింది. నేను వంకాయ పులుసూ పులిహోరా చేశాను. చంటిబిడ్డని భర్తకిచ్చి ఆ అమ్మాయి కోడికూర అందుకుంది. వరంగల్ అమ్మాయి, “పప్పు నాకు వదిలెయ్యిండ్రి,” అని చేతులు పైకి మడిచింది. మగవాళ్ళు ఉల్లిపాయలు తరిగారు. మా ఆయన చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. యజమాని అన్నం వారుస్తూ నొచ్చుకున్నాడు. “మా వల్ల మీ ప్రార్థన ఆగిపోయింది కదండీ.”

“ఆగలేదండీ,” అన్నారు మా ఆయన ముక్కు ఎగబీలుస్తూ. “కాస్త ఉల్లిపాయలు కలిశాయంతే.”

మొదటి కస్టమరు తలుపు తీసేటప్పటికి ట్రేలు వరసగా పొగలు కక్కుతున్నాయి. రోజూ ఉండే పది రకాలు లేవు, ఉన్నవి మాత్రం ఇంటి వంటల్లా ఉన్నాయి. బర్త్‌డే పార్టీ వాళ్ళతో ఒక మామ్మగారు వచ్చారు, రాజమండ్రి నుంచి కొడుకు దగ్గర ఉండిపోవడానికి వచ్చినావిడ. పులుసు రెండుసార్లు వేయించుకుని, వండినవాళ్ళని చూడాలన్నారు. యజమాని నన్ను వంటింట్లోంచి లాక్కొచ్చినంత పని చేశాడు.

“వీళ్ళు కుక్కులు కారండీ. ఆదివారం పొద్దున ఇక్కడ తెలుగులో ప్రార్థన చేసుకుంటారు.”

ఆవిడ పసుపంటిన నా చేతులు పట్టుకున్నారు. “తెలుగులోనా? ఇక్కడా? నేనొచ్చిన దగ్గర్నుంచి మావాడు నన్ను ఇంగ్లీషు చర్చికి తీసుకెళ్తున్నాడమ్మా. అక్కడ అందరూ నవ్వితే నేనూ నవ్వుతున్నాను. ఎందుకు నవ్వానో ఒక్కసారీ తెలీలేదు.” కొడుకు వైపు తిరిగి, “వచ్చే వారం ఇక్కడికేరా!” అన్నారు. ఆయన తలూపడం తప్ప ఇంకేం చేయలేకపోయాడు.

ఆవిడ రావడమే కాదు, పొద్దున్నే వాకింగ్‌లో కనబడే ప్రతి చీరకీ, ప్రతి పంచెకీ చెప్పేశారు. అపార్ట్‌మెంట్లలో పిల్లలు ఆఫీసులకి వెళ్ళిపోతే మాట్లాడే దిక్కులేక కూర్చున్న పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారో మాకు అప్పుడు తెలిసింది. వాళ్ళని దింపడానికి వచ్చిన కొడుకులు, కోడళ్ళు కార్లోనే కూర్చుని ఫోను చూసుకునేవారు. రెండు మూడు వారాలకి వెనక కుర్చీల్లోకి వచ్చారు. ఆ నెలాఖరుకి మా ఆయనకి కొత్త ప్రాజెక్టు దొరికింది, అదీ ఇర్వింగ్‌లోనే. ఆపేద్దామన్న మాట మళ్ళీ మా ఇద్దరి మధ్యా రాలేదు.

ఏడాది తిరిగేసరికి మేము చివరి పాటలో ఉండగానే గుమ్మం బయట బఫే జనం బారు తీరేవారు. ఒకరోజు యజమానే మా ఆయన్ని పక్కకి పిలిచాడు.

“సార్, ఈ వరస చివర వీడియో షాపు మూసేశారు చూశారా? ఓనర్ నాకు తెలుసు. ఖాళీగా పడుంది, నేను మాట్లాడతాను. మిమ్మల్ని పొమ్మంటున్నానని కాదు. మీకు ఈ హాలు చాలట్లేదు.”

అద్దె మేము భరించగలిగేంతకి ఆయనే ఒప్పించాడు. శనివారాలు అందరం రంగులు వేశాం. మూతపడిన ఒక ఆఫీసు నుంచి కుర్చీలు, కార్పెట్ ముక్కలు తెచ్చుకున్నాం. కార్పెట్ రంగులు ఒకదానికొకటి కలవలేదు. మామ్మగారు అది చూసి బొంతలా బాగుందన్నారు. మొదటి ఆరాధన రోజు యజమాని ఇడ్లీ ట్రేలు మోసుకొచ్చి, వెనక వరసలో కాసేపు కూర్చుని, బఫేకి టైమైందని లేచి వెళ్ళాడు.

ఆ తర్వాతి వసంతంలో మా సంఘంలో మొదటి బాప్తిస్మం. తీసుకున్నది వరంగల్ అమ్మాయే. చర్చిలోనే పెరిగినా ఆ నిర్ణయం మాత్రం అప్పుడే తీసుకుంది. ఆ వీడియో షాపులో నీళ్ళ తొట్టి ఎక్కడిది? మా అపార్ట్‌మెంట్ల మేనేజరుని స్విమ్మింగ్ పూల్ అడిగాం. పొద్దున ఒక గంట వాడుకోమంది, చప్పట్లు వద్దని నవ్వుతూ గుర్తుచేసింది.

నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఈత టైర్లతో వచ్చిన పిల్లలు గట్టెక్కి కూర్చుని కాళ్ళాడిస్తూ చూశారు. గ్రిల్ దగ్గర మాంసం కాలుస్తున్న ఒక అమెరికన్ పెద్దమనిషి తన రేడియో ఆపి, టోపీ తీశాడు. నేను లాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాను. అందులో వీడియో కాల్‌లో వరంగల్ నుంచి ఆ పిల్ల అమ్మానాన్నలు చూస్తున్నారు. అక్కడ సాయంత్రం. మా ఆయన నడుము లోతు నీళ్ళలో ఆమెని ముంచి లేపారు. మామ్మగారు పాట ఎత్తుకున్నారు. అందరం అందుకున్నాం. గ్రిల్ దగ్గరాయన పాట అర్థం కాకపోయినా తల ఊపుతూనే ఉన్నాడు.

ఆ పిల్ల వణుకుతూ, నవ్వుతూ మెట్లెక్కి లాప్‌టాప్ ముందుకి వచ్చింది. ఇంత దూరంలో కూతురి బాప్తిస్మం చూసిన ఆ తల్లి ఏం ఆశీర్వదిస్తుందోనని మేమంతా పాట ఆపి చెవులు రిక్కించాం.

“తల తుడుసుకో బిడ్డా ముందు,” అంటూ ఆమె గొంతు పూల్ అంతటా వినిపించింది, “సర్ది అయితది!”