పావుగంట నడిచే ఇంజను

నార్కట్‌పల్లిలో ఒక లారీ మీద ఆరు నెలలు క్లీనరుగా పనిచేసి ఇంటికి తిరిగి వచ్చాక, ఆ లారీ గురించి ఊళ్లో కొన్ని సంగతులు చెప్పాను. దారి మధ్యలో ఆగిపోతే ఇంజను మొత్తం ఊడదీసి, రోడ్డు మీద తువ్వాల పరిచి దాని మీద పేర్చానన్నాను. అందులో ఒక పళ్లచక్రం అరిగిపోతే తుమ్మకర్రతో అలాంటిదే చెక్కి పెట్టానని, ఆ కర్రచక్రంతోనే హైదరాబాదు దాకా పోయామని కూడా చెప్పాను. ఇందులో లారీ మాత్రం నిజం. నేను చేసిన పని అద్దం తుడవడం, ఎత్తు మీద ఆగినప్పుడు టైరు కింద రాయి పెట్టడం.

సంగతులు మనకంటే వేగంగా నడుస్తాయి. అవి మోత్కూర్ దగ్గర ఉండే మా మేనమామ చెవిన పడ్డాయి. దసరా పోయిన నాలుగోనాడు ఆయన పొద్దున్నే సైకిలు మీద వచ్చి మా వాకిట్లో దిగాడు.

"అల్లుడా, లే. నా ఇంజను నడుస్తలేదు. నడువు, పోదాం."

"మామా, అది పెద్ద లారీ. గిది చిన్న ఇంజను గదా."

"పెద్దదే ఇప్పినోనికి చిన్నదెంత?"

సైకిలు వెనక ఎక్కి కూర్చున్నాను.

అరవైల మొదట్లో మాట ఇది. మామకు బావి కింద రెండెకరాల వరి ఉండేది. ఆ యేడు వానలు ముందుగానే ముఖం చాటేశాయి. మామ ఎవరి మాటా వినకుండా మోట కొట్టే ఎడ్ల జతను అమ్మేసి, పెట్రోలుతో నడిచే చిన్న పాత ఇంజను ఒకటి, దానికో పంపు కొనుక్కొచ్చాడు. ఎడ్లు పోయాయి. మోట తాడు అటకెక్కింది. ఇక నీళ్లు పైకి రావాలంటే ఇంజను ఒక్కటే దిక్కు. సరిగ్గా వరి పాలు పోసుకునే వేళకు అది మొరాయించింది. మరో రెండు రోజుల్లో మళ్లు తడవకపోతే రెండెకరాలూ తాలే.

బావి దగ్గరికి పోయి చూస్తే ఇంజను పచ్చగా ఉంది. పండగనాడు మా అత్త దాన్ని కడిగి, బోనం కుండకు పూసినట్టు పైనుంచి కిందిదాకా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఊదు వేసి, కొబ్బరికాయ కొట్టింది. ఆ ఇంట్లో నాగలికి, మోటకు ఏటేటా చేసే పూజే. ఈసారి ఇంజనుకు చేసింది.

నేను ఇంజను చుట్టూ మూడుసార్లు తిరిగాను. నార్కట్‌పల్లి మేస్త్రీ ఏ లారీ దగ్గరికి వచ్చినా అలాగే తిరిగేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

పక్క బావి మీద మోట కొడుతున్న ముసలాయన, మామకు వరసకు బావ, ఎడ్లను ఆపి మరీ చూస్తున్నాడు.

"ఏం బావా, డాక్టర్ను తెచ్చినవా?"

"నీ మోట నువ్వు కొట్టుకో."

"కొట్టుకుంట తియ్. నీ ఇంజనుకు జర గడ్డేసి సూడరాదు? నా ఎడ్లు గట్లనే నడుస్తయి."

చక్రానికి తాడు చుట్టి లాగాను. ఇంజను వెంటనే అందుకుంది. నీళ్లు గొట్టం నుంచి దబదబా కాలువలో పడ్డాయి. మామ నా భుజం చరిచాడు. పావుగంట గడిచింది. ఇంజను ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది, ఆగింది. మొదటి మడి ఇంకా చాలా దూరం ఉండగానే నీళ్లు కాలువలో ఇంకిపోయాయి. మూడు రోజులుగా జరుగుతున్నది ఇదేనట. ఎండిన కాలువ తాగడానికే ఆ పావుగంట సరిపోతోంది.

మొదట ప్లగ్గు ఊడదీశాను. బూడిదతో రుద్ది, నిప్పురవ్వ వస్తోందో లేదో చూద్దామని చేత్తో పట్టుకుని మామను తాడు లాగమన్నాను. వస్తోంది. ఆ సంగతి మోచేయి దాకా తెలిసింది. మళ్లీ బిగించి నడిపితే నడిచింది. "గదీ!" అన్నాడు మామ. పావుగంటకు ఆగింది.

పెట్రోలులో చెత్త ఉందన్నాను. టాంకీ ఖాళీ చేసి, మామ పండగకు కట్టుకున్న కొత్త ధోవతిలో వడపోశాము. ధోవతి వాసన పోవడానికి సంక్రాంతి దాకా పట్టింది. ఇంజను నడిచింది. "గదీ!" అన్నాడు మామ. పావుగంటకు ఆగింది.

కార్బురేటర్ కింది గిన్నె విప్పి, సన్నటి రంధ్రంలో నోటితో ఊదాను. పెట్రోలు రుచి ఎలా ఉంటుందో చెప్పగల కొద్దిమందిలో నేనొకణ్ణి. మళ్లీ నడిచింది, మళ్లీ మామ అన్నాడు, మళ్లీ ఆగింది. నేను ఏది చేసినా నడుస్తుంది. ఏమీ చేయకుండా కాసేపు కూర్చున్నా నడుస్తుంది. పావుగంటకు మించి మాత్రం నడవదు. బాగుచేసిన గొప్ప ఒకే రోజులో అన్నిసార్లు దక్కిన మేస్త్రీ మా జిల్లాలో ఇంకొకడు ఉండడు.

మధ్యాహ్నానికి అత్త జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చింది. మామ తినకుండానే పార పట్టుకుని కాలువ గండ్లు పూడ్చడానికి పోయాడు. అత్త ఇంజనుకు ఎదురుగా కూర్చుని మూడు రోజులుగా అంటున్న మాటే మళ్లీ అంది.

"ఎడ్ల ఉసురు తగిలింది దీనికి. కన్నబిడ్డలోలె సాదిన. నోరులేని జీవాలను అమ్మి ఇనుమును తెచ్చిండు మీ మామ."

నేను రొట్టె నములుతూ మళ్లీ ఇంజను నడిపాను. అది దగ్గడం మొదలుపెట్టగానే పెట్రోలు ఉందో లేదో చూద్దామని టాంకీ మూత తిప్పాను. టాంకీ సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. ఇంజను దగ్గు మాని చక్కగా అందుకుంది. మూత బిగించాను. పావుగంటకు మళ్లీ దగ్గింది. మళ్లీ మూత తీశాను. మళ్లీ అందుకుంది.

"దీనికి నేను మాటిమాటికి లోపలికి తొంగిసూడాలె అత్తా. మనిషి తోడు కావాలంటాంది," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. సాయంత్రం దాకా మూత తీస్తూ పెడుతూ కూర్చుందామని నిశ్చయించుకున్నాను కూడా.

అత్త నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"తోడు లేదు నీ మొకం లేదు. నూనె డబ్బకు ఒక్క బొక్క కొడితె నూనె దిగుతదారా? రెండో దిక్కు ఇంకోటి కొట్టాలె. గాలి లోపలికి పోతెనే నూనె బయటికొచ్చేది. ఆడోళ్లనడిగితె చెప్తరు. గా మూత ఇటు తే."

మూత అందుకుని తిప్పి చూసింది. లోపలి వైపు నడుమ చీమ దూరేంత రంధ్రం ఉన్నట్టు ఆనవాలు కనిపించింది. పైవైపు అదే చోట పసుపు గోడకు మెత్తినట్టు గట్టిగా ఎండి ఉంది. దాని మీద కుంకుమ బొట్టు.

అత్త పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి పొడిచింది. పసుపు పొడిపొడిగా రాలింది. రంధ్రంలోంచి ఆకాశం కనిపించింది. మూత బిగించాము. ఇంజను పావుగంట నడిచింది. అరగంట నడిచింది. ఇద్దరం మూత వైపే చూస్తూ కూర్చున్నాము. అది ఆగలేదు.

"అల్లుడా," అంది అత్త మెల్లగా. "మీ మామకు చెప్పకు."

"ఎడ్ల ఉసురు సంగతి?"

"గది కూడ అనకు."

అప్పుడే మామ చేను నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోకాళ్ల దాకా బురద.

"పారింది! మొదటి మడి నిండింది అల్లుడా! ఏం రోగం ఉండె దీనికి?"

అత్త ఎండిపోయిన రొట్టె ముక్కల వైపు చూస్తోంది. నేను చేతులు తుడుచుకున్నాను.

"లోపల గాలితిత్తి ముడుసుకపోయింది మామా. లారీలల్ల గిది శానా తక్కువ వస్తది. సాపు జేసిన."

"నేనప్పుడే అనుకున్న, తిత్తే అని," అన్నాడు మామ. అక్కడినుంచే పక్క బావి వైపు తిరిగి, "తిత్తి బావా, తిత్తి!" అని అరిచాడు. ముసలాయన ఎడ్లను అదిలించి పని చూసుకున్నాడు.

ఆ రెండు రోజులూ పగలంతా ఇంజను మోగింది. కట్ట చివర ఎత్తు మీద ఉన్న రెండు మళ్లకు మాత్రం నీళ్లు అందేలోపే వరి ఎండి తెల్లబడింది. మిగతాది నిలబడింది. కోతలయ్యాక కళ్లంలో తూర్పారబడుతుంటే మామ కబురు పెట్టాడు. పోయేసరికి తాలు కుప్ప చిన్నది, గింజల కుప్ప పెద్దది. చేటలో గింజలు పోసి నా ముందు పట్టుకుని, "సూడు, ఒక్కటన్న తాలుగింజ ఉన్నదా?" అన్నాడు. చాలానే ఉన్నాయి. లేవన్నాను.

నా మేస్త్రీ పనికి ఒక బస్తా వడ్లు ఇచ్చాడు మామ. ఇంటి ముందు మూతి తానే కుట్టి, బండి దాకా పంపే పని అత్తకు చెప్పి కళ్లం వైపు పోయాడు. బస్తా ఇంటి వెనకనుంచి తిరిగి వచ్చేసరికి కొంత ఆలస్యమైంది. ఎత్తుకోబోతే చేతికి తేలిగ్గా వచ్చింది. సగమే ఉంది. మూతి కుట్లు కొత్తవి.

అత్త వైపు చూశాను. అత్త కోళ్లకు గింజలు వేస్తోంది.

"ఏంది, బరువుందా?" అంది తలెత్తకుండానే.

"శానా బరువుంది అత్తా," అన్నాను.