ముల్లు నిలబడేదాకా

నాకు పని నేర్పిన ఉస్తాద్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నా చేతిలో త్రాసు పళ్లెం ఉంది. కడప నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "అన్నా, నాయన తెల్లారుజామున పోయినాడు" అన్నాడు. పళ్లెం కింద పెట్టాను. బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. ఒకటి అట్ట ఊడిన పాతది, ఇంకొకటి కాగితం వాసన ఇంకా పోని కొత్తది. ఆ రెండింటి గొడవలోనే ఆయనతో నా ఆఖరి మాటలు చెడ్డాయి. ఇది చదివేవాళ్లలో ఆయన తెలిసినవాళ్లు ఎవరూ ఉండకపోవచ్చు. అయినా నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఊరుకునేలా లేదు.

సౌదీలో ఖమీస్ ముషైత్ ఊరి బయట కొండల వైపు తుపాకీ గురి పోటీలు నడిపే క్లబ్బులో నాకు ఉద్యోగం. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులను కడిగి, సరిచేసి, మళ్లీ మందు నింపడం మా వర్క్‌షాపు పని. సౌదీలో మందు పని చేస్తున్నానంటే మా జగిత్యాలలో పగలబడి నవ్వేవాళ్లు. "గక్కడ మందేడ దొరుకుతదిరా!" అని. నవ్వులాట పని కాదది. చిటికెడు ఎక్కువైందంటే తుపాకీ పట్టినవాడి చెంప పక్కనే పేలుతుంది. ఏ తూటాకు ఏ మందు ఎంతో చెప్పడానికి ఒక పుస్తకం ఉంటుంది. మాకు అదే పెద్ద దిక్కు.

ఆ పుస్తకాన్ని నాకు చదవడం నేర్పింది ఉస్తాద్. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. పొద్దున యంత్రానికి కొలత కట్టే ముందు ఒకరు పుస్తకం దగ్గర, ఒకరు త్రాసు దగ్గర ఉండాలి. పుస్తకం మనిషి అంకె చెబుతాడు. త్రాసు మనిషి తూచి, ముల్లు ఆడడం ఆగేదాకా చూసి, అది చూపిన అంకె తిరిగి చెబుతాడు. రెండూ కలిస్తేనే పుస్తకం మనిషి "పొయ్" అంటాడు. ఆ మాట రానిదే ఒక్క గింజ కూడా తొడుగులోకి దిగకూడదు.

నాకు మొదట్లో చిరాకేసేది. "నేనే జదివి నేనే తూస్తే ఏమైతది ఉస్తాద్?" అని అడిగాను.

"ఒగ నోరు రెండు పనులు చెయ్యగూడదబ్బీ. సొంత తప్పు సొంత చెవికి ఇంపుగానే ఉంటాది" అన్నారు.

తూచేటప్పుడు కొండగాలికి ముల్లు ఆడుతుందని కిటికీ మూయించేవారు, ఫ్యాన్ ఆపించేవారు. తన చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవారు. దానికీ ముల్లుకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. రంజాన్ నెలలో ఆయన ఉపవాసం ఉంటూనే లోపలి గదిలో నాకు టీ కాచి పెట్టేవారు. మీరు తాగకుండా నేనెట్లా తాగేదని మొహమాటపడితే, "రోజా నాకుగాని నీకా? తాగు. చెయ్యి వణికితే తూకం పోతాది" అని కసిరేవారు. ఆ కసురులో ఉన్న ప్రేమ నాకు అప్పుడు సగమే అర్థమైంది.

ఆయనకు షుగర్ కళ్లకు పాకింది. పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఆయనే మా మేనేజరు, ముదీర్ అంటాం, అతని దగ్గరికి వెళ్లి చెప్పుకున్నారు. ఎగ్జిట్ పడింది, ఇక సొంతూరికే. వెళ్లేరోజు పుస్తకం నా చేతిలో పెట్టి, "ఇది నీకు. నాది ఈడ ఉండాదిలే" అని తల మీద వేలితో తట్టుకున్నారు. నిజమే, పుస్తకం మొత్తం ఆయనకు కంఠతా వచ్చు.

వారం తిరక్కుండానే ఫోన్ చేశారు. "పుస్తకం మనిషి ఎవుర్రా ఇప్పుడు?"

"ఎవ్వల్లేరు ఉస్తాద్. నేనే జదువుకుంటున్న."

"తప్పు గదా. పొద్దున్నే నాకు ఫోన్ చెయ్."

అప్పటి నుంచి ఏడాదిన్నర పాటు ప్రతి పొద్దునా అదే పని. ఇక్కడ ఏడు గంటలంటే అక్కడ తొమ్మిదిన్నర. అబ్బాయి కొట్టు తెరవడానికి వెళ్లిపోయేవాడు, ఇంట్లో ఆయన ఒక్కరే మంచం మీద. తల దువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని నా ఫోన్ కోసం కూర్చునేవారట. అంకె చెప్పేవారు. నేను తూచి తిరిగి చెప్పేవాణ్ని. "పొయ్" అనేవారు. చూపు పోయిన మనిషికి మిగిలిన ఉద్యోగం అదొక్కటే.

ఈ ఏడు మందు డబ్బా మారింది. పేరు అదే, తయారీ వేరు. ముదీర్ కొత్త పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, "కితాబ్ జదీద్. పాతది ఖలాస్" అన్నాడు. తెరిచి చూస్తే మా మందుకు అంకె తగ్గి ఉంది. ఉస్తాద్ చెప్పే అంకె కొత్త డబ్బాకు ఎక్కువవుతుంది, ప్రమాదం. రెండు రోజులు ఆ పుస్తకం ముందు కూర్చుని మథనపడ్డాను. కొత్తది పట్టుకుంటే ఉస్తాద్ తలలోని పుస్తకం మూతపడుతుంది. కొత్తది చదువుకోవడానికి ఆయనకు కళ్లు లేవు. ఇక మీ అవసరం లేదని ఆ మనిషికి ఏ నోటితో చెప్పను?

చెప్పలేదు. అంతకంటే పాడుపని చేశాను. కొత్త పుస్తకం ప్రకారం తూచి, ఫోన్‌లో మాత్రం ఆయన చెప్పిన పాత అంకెనే తిరిగి అప్పజెప్పాను. ఆయన తృప్తిగా "పొయ్" అనేవారు. ఇరవై రోజులు అలాగే నడిపాను. తూటాలు బాగానే ఉన్నాయి. నేనే బాగా లేను.

ఒక పొద్దున "పొయ్" రాలేదు. "ఆగు" అన్నారు. "ఏంరా, నువ్వు శానా బిరీన చెప్తాండావు. తూచేవాడు అంత బిరీన చెప్పలేడు. ముల్లు నిలబడల్ల గదా?"

ఇక దాచలేక చెప్పేశాను. "కొత్త పుస్తకమొచ్చింది ఉస్తాద్. డబ్బా మారింది, అంకె తగ్గింది. మీకు జెప్పబుద్ధి గాలె."

"కొత్త డబ్బాకు కొత్త పుస్తకమే. అడిగుంటే నేనే చెప్పుంటి. ముల్లు చూపించని అంకె నా చెవిలో ఏంటికేస్తివిరా? ఇన్ని దినాలూ నాతో ఆటలాడితివా?" అని ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నాకూ రోషం వచ్చింది. ముసలాయనకు ఇంత మొండితనమేమిటి, నేను ఎవరి కోసం చేశానని? నాలుగో రోజు అబ్బాయి, కొత్త పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసి పంపమని మెసేజ్ పెట్టాడు. నా మీద నమ్మకం పోయి తనిఖీ చేయిస్తున్నారనుకున్నాను. విసుక్కుంటూనే పంపాను. ఎందుకని ఒక్క మాట అడిగినా బాగుండేది. మరో వారానికి కబురొచ్చింది.

అక్కడి కార్యాలన్నీ అయ్యాక అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. "దినామూ కొట్టుకు పోయే ముందు ఆ పేజీ నాతో చదివించుకుంటాండె అన్నా. నేనొగ అంకె చదవల్ల, ఆయనొగసారి అనల్ల. అంతా నోటికొచ్చినాక నేనే ఫోన్ చేస్తా, అంతదాకా వానికి చెప్పాకు అన్నాడు."

"మొత్తం నేర్సుకున్నడా?"

"రెండు వరసలు మిగిల్నాయన్నా."

ఆ రోజు వర్క్‌షాపులో ఇత్తడి తొడుగుల ముందు కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడను.

ఇంకో సంగతి చెప్పాలి. పొద్దున ఏడయ్యేసరికి కిటికీ మూసి, ఫ్యాన్ ఆపితే ఆయన గొంతు నాకు వినబడుతుంది. నవ్వితే నవ్వండి. ఆ గొంతు ఇప్పటికీ పాత అంకే చెబుతుంది. కొత్తది చెప్పేలోపే వెళ్లిపోయారు కదా. ఒకరోజు నా చెయ్యి నాకు తెలియకుండానే ఆ పాత అంకె దాకా తూచేసింది. పొయ్యబోతూ పుస్తకం వైపు చూసి ఆగిపోయాను. ఆ మందంతా డబ్బాలోకి ఒంపేసి, బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఒక్క నోరు రెండు పనులు చేయకూడదని ఎందుకన్నారో అప్పుడు నా ఎముకలకు తెలిసింది.

మొన్న పొద్దున అబ్బాయికి ఫోన్ చేశాను. "తమ్ముడూ, గా పేజీ ఇంకున్నదా?"

"పేజీ ఏంటికన్నా, చదివీ చదివీ నాకే నోటికొచ్చినాది."

"మా డబ్బా మూడో వరస. అంకె జెప్పు."

చెప్పాడు. ఆ సాగదీత, ఆ నిదానం అచ్చం తండ్రివే. అంకె మాత్రం కొత్తది. తూచాను. ముల్లు అటూ ఇటూ ఆడి, సన్నగా వణికి, నిలబడేదాకా చూశాను. అది చూపిన అంకె తిరిగి చెప్పాను.

ఆ తర్వాత ఒక మాట రావాలి. అది ఆ పేజీలో లేదు. అబ్బాయికి ఎవరూ నేర్పలేదు. ఇది అను తమ్ముడూ అని నేను అడగవచ్చు. ఉస్తాద్ మాటను అడిగి అనిపించుకోవడానికి నోరు రాలేదు.

"అన్నా, లైన్లో ఉండావా?" అన్నాడు కాసేపటికి.

"ఉన్న తమ్ముడూ."

ముల్లు నిలబడే ఉంది. నా చెయ్యి పళ్లెం దాకా వెళ్లి ఆగి ఉంది.