ముందే పెట్టిన సంతకం

మా బ్రైడెన్ క్రీక్ సూపర్‌మార్కెట్లో మూడో కౌంటర్ జోలికి ఎవరూ పోరు. తెలియక నిలబడిన పైఊరివాళ్ళు గడియారం చూసుకుంటూ పళ్ళు నూరుకుంటారు. అక్కడుండే వెర్లీన్ స్టంప్ ఒక్కో డబ్బానూ చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, అటూ ఇటూ చూసి, మెల్లగా సంచిలో పెడుతుంది. మొన్న ముసలి హార్లన్ ఉండబట్టలేక అనేశాడు: "వెర్లీన్, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు గడ్డం గీసుకునే వచ్చాను తల్లీ. ఇప్పుడు చూడు!"

ఆమె నవ్వలేదు. మేనేజర్ పాపం మంచివాడు, రొట్టెల విభాగానికి మారమని రెండుసార్లు అడిగాడు. ససేమిరా అంది. నెల మొదటివారంలోనైతే జ్వరమొచ్చినా సెలవు పెట్టదు. చంటిపిల్లల తల్లులకు సర్కారువారి పాల కూపన్లు చేతికొచ్చే వారం అది. కోడలు కెండ్రా ఏదో ఒక నెల తన లైన్లోకి వస్తుందనీ, ఒక్కసారి "అమ్మా" అంటుందనీ ఆమె ఆశ. మూడేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే అక్కడ నిలబడుతోంది.

నమ్మండి, ఒకప్పుడు ఈవిడంత చురుకైన మనిషి ఆ కొట్లోనే లేదు. బిల్లులో కొట్టాల్సిన అరటిపళ్ళ నంబరు, ఉల్లిపాయల నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆమె లైన్ ఏరులా పారేది. ఆ పారుదలకు అడ్డం ఈ కూపన్లే. ఫలానా సైజు, ఫలానా రకం, ఒక్కటి తేడా వచ్చినా వెనక్కి. మేనేజర్ వచ్చి చూడాలి. అందుకని మైకు అందుకుని కొట్టంతా మోగేలా అరిచేది: "మూడో కౌంటర్‌కి కూపన్!" లైన్లో వాళ్ళంతా ఉసూరుమనేవాళ్ళు. కూపన్ తెచ్చిన పిల్ల తల ఎత్తేది కాదు.

అది చాలదన్నట్టు ఆదివారం భోజనాల దగ్గర ఆ కబుర్లే. బీన్స్, మొక్కజొన్న రొట్టె వడ్డిస్తూ చెప్పేది: "గోళ్ళకు రంగుందిరా డ్వేన్, చేతిలో ఫోనుంది, పాలు మాత్రం మన నెత్తిన!" కొడుకు డ్వేన్ నవ్వేవాడు. కెండ్రా కూడా నవ్వేది. చిన్నప్పుడే తల్లి పోయిన పిల్ల, కాపురానికొచ్చిన రోజు నుంచీ అత్తగారిని నోరారా "అమ్మా" అనే పిలిచేది. కూతురు ఐవీ కడుపున పడ్డాక ఆ పిలుపు ఇంకా ఎక్కువైంది.

తర్వాత డ్వేన్ పనిచేసే గని మూతపడింది. ఉద్యోగం పోయింది. ఆ సంగతి తల్లికి చెప్పలేదు. ఎలా చెబుతాడు, ఆ బల్ల దగ్గర అన్నాళ్ళు నవ్వి?

థాంక్స్‌గివింగ్ పండుగ ముందురోజు. మూడో కౌంటర్ దగ్గర పన్నెండుమంది, బండ్ల నిండా టర్కీ కోళ్ళు. వెర్లీన్ తలెత్తేసరికి ఎదురుగా కెండ్రా, చేతిలో నాలుగు పాలపొడి డబ్బాలు, ఒక కూపన్. మిగతా లైన్లు తలుపుదాకా ఉన్నాయి మరి.  చర్చిలో పక్కన కూర్చునేవాళ్ళు ఇద్దరు ఆ లైన్లోనే ఉన్నారు. వెర్లీన్‌కి తల కొట్టేసినట్టయింది.

కూపన్ తీసి చూసింది. కింద కెండ్రా సంతకం అప్పటికే ఉంది. కౌంటర్ మీద ధర రాశాక, గుమాస్తా కళ్ళెదుట పెట్టాల్సిన సంతకం అది. ముందే పెడితే ఆ కాగితం చెత్తబుట్టకే. వెనకవాళ్ళను నిలబెట్టకూడదని, అత్తగారిని విసిగించకూడదని, ఆ పిచ్చిపిల్ల కారులో కూర్చుని ముందే పెట్టుకొచ్చింది.

"ఏంటి ఆలస్యం?" అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

వెర్లీన్ కాగితం వెనక్కి తోసింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో అన్నట్టు అంది: "ఇది చెల్లదు మేడమ్. పక్కకి జరగండి."

 కెండ్రా డబ్బాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తనవాళ్ళకొక రూలు, ఊరికొక రూలు అని ఎవరూ వేలెత్తి చూపకూడదు, అంతే, అని వెర్లీన్ తనకు తాను చెప్పుకుంది. ఆ డబ్బాలు తను కొని సాయంత్రం పట్టుకెళ్ళొచ్చుగా? ఆ బుద్ధి పుట్టలేదు, ఏం చేస్తాం! వాళ్ళ కోపం తగ్గాక వెళ్దాంలే అనుకుంది.

కొత్త కూపన్ ఇచ్చే ఆఫీసు పండుగకి మూతపడింది, సోమవారం దాకా తీయరు. ఇంట్లో డబ్బా అడుగుకొచ్చింది. రెండు చెంచాల పొడి పడాల్సిన చోట కెండ్రా ఒకటి వేసి, మిగతా నీళ్ళు పోసింది. మా కొండల్లో అలా సాగదీయని ఇల్లు అరుదు. నాలుగునెలల బిడ్డకు అన్ని నీళ్ళు విషమని ఎవరికి తెలుసు? ఆదివారం పొద్దున ఐవీకి మూర్ఛ వచ్చింది. ఒంట్లో ఉప్పు పడిపోయిందనీ, మెదడు దెబ్బతిందనీ డాక్టర్లు చెప్పారు. బిడ్డ బతికింది. బతికిందంతే.

ఆసుపత్రి వరండాలో డ్వేన్ తల్లిని లోపలికి పోనివ్వలేదు.

"నీ కోడలు కాదటగా అమ్మా. ఎవరో మేడమట."

"లైన్లో అంతమంది ఉన్నార్రా..."

"ఉన్నారు. వాళ్ళంతా పండగ చేసుకుని హాయిగానే ఉన్నారు. వెళ్ళు."

ఆ తర్వాత వాళ్ళు ముప్ఫై మైళ్ళ అవతల కొట్టుకి పోయేవాళ్ళు. వెర్లీన్ మళ్ళీ మైకు ముట్టుకోలేదు. ఎవరు కూపన్ తెచ్చినా తప్పు సైజుంటే తనే నడిచి వెళ్ళి సరైనది తెచ్చేది, లైన్ ఎంత గొణిగినా సరే. అందుకే ఆ లైన్ అంత నెమ్మది.

ఈ నెల రెండో తారీఖున ఆ ముప్ఫై మైళ్ళ అవతలి కొట్టు సరుకుల లెక్కింపుకని మూసేశారట. మధ్యాహ్నం బండి తోసుకుంటూ కెండ్రా వచ్చింది. కౌంటర్లన్నిట్లో మూడోది ఒక్కటే ఖాళీ. బండిలో దుప్పట్లు దోపి కూర్చోబెట్టిన మూడేళ్ళ ఐవీ. తల ఒక పక్కకి వాలింది. చూపు ఎక్కడా ఆగదు.

 వెర్లీన్ పాలు, జున్ను, గుడ్లు ఒక్కొక్కటే ఎత్తింది. కూపన్ మీద ధర రాసింది. "బంగారుతల్లీ" అని పిల్ల వైపు గొణిగింది.  వెనక ఎవరూ లేరు. తొందరపెట్టేవాళ్ళు లేరు. వెర్లీన్ కెండ్రా నోటివైపే చూస్తోంది.

కెండ్రా కలం తీసింది, కానీ కాగితం మీద ఆనించలేదు. రాసిన అంకె ఆరేదాకా మర్యాదగా ఆగింది. అప్పుడు అడిగింది:

"ఇప్పుడు సంతకం పెట్టొచ్చా మేడమ్?"

వెర్లీన్ తల ఊపింది.