నిమ్మరసం అని చెప్పాను

మా ఎదురింటి పిన్నిగారు పోయి పదిహేను రోజులైంది. కబురు తెలిసేసరికి కేకుకి పిండి కలుపుతున్నాను. చేతులు కడుక్కుని పరుగెత్తాను కానీ, ఆవిడ ముఖం వంక చూడలేకపోయాను. ఆవిడతో చెప్పాల్సింది ఇప్పుడు మీతో చెబుతున్నాను.

బందరులో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. ఓవెన్ కొన్నది నేనే గానీ, పని నేర్పింది ఆవిడ. "పొట్లంలో ఏం కలిపారో మనకేం తెలుసమ్మా? మన పొయ్యి మీద కాగినదైతే తెలుస్తుంది" అనేవారు. మీగడ చిలికి వెన్న తీసి ఇచ్చేవారు. పెరట్లో పచ్చి బొప్పాయి కోసి, సన్నగా తరిగి, పంచదార పాకంలో ఉడికించి, బీట్‌రూట్ రసం పట్టించి చేటలో ఆరబెట్టేవారు. ఆ టూటీఫ్రూటీ వారానికో సీసా నాకొచ్చేది. ఓవెన్‌లో పెడితే ఆ ఎరుపు కాస్తా ఇటుకపొడి రంగుకి దిగిపోయేది. "తినేది రంగునా ఏంటి?" అని నవ్వేవారు. ఏ కేకైనా మొదటి ముక్క ఆవిడకే పంపేదాన్ని.

పోయినేడు అవనిగడ్డ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆవిడిచ్చిన సీసా చాల్లేదు. బుద్ధి గడ్డి తిని బజారులో రంగేసిన టూటీఫ్రూటీ పొట్లాలు కొని వేసేశాను. పెట్టెల మీద మాత్రం 'రంగులు కలపలేదు' అనే చీటీలు ఎప్పటిలాగే అంటించాను. అలవాటు కొద్దీ ఒక ముక్క ఆవిడకీ పంపాను.

సాయంత్రం ఆవిడే వచ్చారు.

"ఎరుపు భలే నిలిచిందే. ఏం చేశావమ్మా?"

"మీ సీసా చాలక నేనే చేశానండి పిన్నిగారూ. నిమ్మరసం పిండాను."

తడుముకోకుండా అన్నాను.

"నాకు తట్టనే లేదు సుమా. నువ్వు నాకు నేర్పేదానివయ్యావు" అని సంబరపడిపోయారు.

ఆ తర్వాత నేను పంపిన ప్రతి ముక్కనీ వెలుతురులో తిప్పి తిప్పి చూసుకునేవారు. "నా చేతికెందుకో నిలవట్లేదమ్మా" అనేవారు. "ఇంకాస్త పిండి చూడండి" అన్నాను. సిగ్గులేకుండా అదే మాట ఎన్నిసార్లు అన్నానో. నిజం చెప్పడానికి ఏడాది పొడుగునా సమయముంది. రోడ్డు దాటితే వాళ్లిల్లే.

పెద్దకర్మ నాడు వాళ్ల కోడలు నన్ను వంటింట్లోకి పిలిచి ఫ్రిజ్ తెరిచింది. నాలుగు చిన్న టూటీఫ్రూటీ సీసాలు. మూడింటి మీద ఆవిడ వంకర అక్షరాలతో చీటీలు: 'రెండు చెక్కలు', 'మూడు చెక్కలు', 'నాలుగు చెక్కలు'.

"ఎన్ని నిమ్మచెక్కలు పిండారో మిమ్మల్ని అడుగుదామనేవారండి అత్తయ్యగారు. పదే పదే అడిగితే పనిలో విసుక్కుంటారేమోనని ఊరుకునేవారు. ఇవి మీకే ఇమ్మన్నారు."

నాలుగో సీసా మీద 'అమ్మాయిని అడగాలి' అని ఉంది.

అది ఇప్పుడు నా ఫ్రిజ్‌లో, వెన్న గిన్నె పక్కన ఉంది. చీటీని గోడ వైపుకి తిప్పి పెట్టాను.