పద్దెనిమిది బిరడాలతో మాచర్ల నుంచి నరసరావుపేటకు

అవును, సీసా బిరడాలే. మందు సీసాలకు, అత్తరు సీసాలకు ఉండే మామూలు బిరడాలు. వాటితోనే మోటారు సైకిలు మాచర్ల నుంచి నరసరావుపేట దాకా, సుమారు యాభై మైళ్ళు, మా బావను కూడా మోసుకుని పోయింది. మా బావ ఒక్కడే రెండు బస్తాల బరువు. నది అవతల మన ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ పాత బండి ఒకటి తక్కువలో బాగు చేసుకుందామనుకునే వాళ్ళకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

నాది కృష్ణకు అవతల, నైజాం వైపు. పొందుగల రేవులో పుట్టి పడవ దిగితే రాజ్యం వేరు, రూపాయి వేరు, మాట కూడా కొంచెం వేరు. నేను నోరు తెరిస్తే మాచర్ల పిల్లలు "నైజామోడు మాట్లాడుతున్నాడు రండ్రా" అని ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుని వచ్చేవాళ్ళు. అందుకని నోరు తెరవడం మానేశాను. అక్క ఇంట్లో ఉంటున్నాను. బావ కోటయ్య నాపరాళ్ళ క్వారీలో రాయి కొడతాడు. యుద్ధం అయిపోయాక క్వారీ కంట్రాక్టరు మిలిటరీ వాళ్ళు అమ్మేసిన జీపు కొనుక్కుని, తన చిన్న మోటారు సైకిలును కొట్టంలో పడేశాడు. బావ దాన్ని పదిహేను రూపాయలకు తెచ్చాడు. సీటు కింద కోడి గుడ్లు పెట్టి ఉంది. గుడ్లు అక్క తీసుకుంది, బండి నాకు వదిలేసింది.

అప్పుడే నాన్న దగ్గర నుంచి కబురు వచ్చింది. నెలాఖరు లోపల పని దొరక్కపోతే తిరిగి వచ్చేసి పెదనాన్న గొర్రెలు కాచుకోమని. గొర్రెల మీద నాకేం కోపం లేదు. కాకపోతే ఇంజను నూనె వాసన అలవాటయ్యాక గొర్రె వాసన పడదు. మాచర్లలో మోటార్లు బాగుచేసే మస్తాన్ మామ దగ్గరికి బావ నన్ను తీసుకుపోయాడు. మామ నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. నేను నా కాలి బొటనవేలు చూసుకున్నాను.

"ఏంది కోటయ్యా ఇది? బండి తెచ్చినోణ్ణి ఏమైందని అడగాలా వద్దా? మూగోణ్ణి పెట్టుకుని నేనేం చేసుకోను?"

"నోరుంది మామా. అన్నం తినేటప్పుడు చూడు, చానా బాగా పనిచేస్తది."

మామ నవ్వి ఒక షరతు పెట్టాడు. "ఆ డొక్కు బండి వీడే బాగుచేసి నరసరావుపేటలో మా తమ్ముడు ఖాజాకి చూపించాల. వాడు పెట్టుకోమని చీటీ రాసిస్తే మర్నాడే పనిలోకి రమ్మను. బండి మీద ఎక్కి పోవాల, బండిని ఎద్దుల బండిలో ఎక్కించి కాదు."

ఇక బాగుచేయడం. కొత్త తీగల జోలికి పోకుండా పాత సైకిలు బ్రేకు తీగలు వేశాను, ఆరణాలు. సీటు తోలు చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టిస్తే రూపాయి. ట్యూబుకు అతుకులు పదకొండు, అవి నేనే వేశాను. ప్లగ్గు ఒక్కటే కొత్తది, రెండున్నర రూపాయలు. అన్నీ ఇక్కడి రూపాయలే. మన నైజాం హాలీ రూపాయి ఇక్కడి అంగడిలో ఇస్తే తిప్పి తిప్పి చూసి మళ్ళీ మన చేతిలోనే పెడతారు. చిక్కల్లా క్లచ్చు దగ్గర వచ్చింది. ఇంజను తిరిగేటప్పుడు ఆ తిరుగుడును వెనక చక్రానికి అందించేది ఒక బిళ్ళ. దానికి పద్దెనిమిది కన్నాలు, కన్నానికో బిరడా ముక్క. అవి అరిగిపోతే ఇంజను ఎంత మొత్తుకున్నా బండి కదలదు. కొత్త బిళ్ళ మద్రాసు నుంచి రావాలి, తొమ్మిది రూపాయలు, నెల పడుతుంది. నాకు నెల లేదు. మస్తాన్ మామ ఉపాయం చెప్పాడు: సీసా బిరడాలు అడిగి తెచ్చి, వేడినీళ్ళలో మెత్తబరిచి, కన్నాల్లో బిగించి, చాకుతో సమానంగా కోయాలి.

ఉపాయంలో కష్టమంతా "అడిగి తెచ్చి" అన్నచోటే ఉంది. ఆసుపత్రి కాంపౌండరు నేను అడగక ముందే నా మొహం చూసి జ్వరమనుకుని, తర్వాత సంగతి తెలిసి ఎనిమిది ఇచ్చాడు. ఆరు అక్క పోగుచేసింది. ఇంకో నాలుగు కావాలంటే వీధి చివర అరుగు మీద కూర్చునే ఆడవాళ్ళను అడగాలి. రెండుసార్లు అక్కడిదాకా పోయి వెనక్కి వచ్చాను. చివరికి పెరట్లో జొన్న చొప్ప కనబడింది. దాని బెండుతో మనం చిన్నప్పుడు బండ్లు చేసుకుని ఆడుకోలేదా? చూడ్డానికి బిరడాలాగే ఉంటుంది. నాలుగు ముక్కలు కోసి కన్నాల్లో పెట్టి క్లచ్చు మూత బిగించేశాను. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. పెట్రోలు ఇంకా కూపన్ల మీదే, కంట్రాక్టరు దయ వల్ల ఒక గాలను దొరికింది. నేను ముందు, బావ వెనక, బావ ఒళ్ళో సద్దిమూట. తొమ్మిది దాటాక కారెంపూడి దగ్గర టీ కోసం ఆగితే, పొయ్యి దగ్గరున్న ఆమె గ్లాసు ఇవ్వకుండానే అడిగింది.

"ఇందాకట్నుంచి ఆ మోత మీదేనా? మా గేదె పాలు చేపడం మానేసింది. నల్ల టీయే ఉంది, తాగితే తాగండి."

అణా ఇచ్చి నల్ల టీ తాగాం. ఆ తర్వాత నాగులేరు. నీళ్ళు మోకాలి లోతే, దాటడం తేలిక. అవతల గట్టు ఎక్కడంలో ఉంది సంగతి. సగం ఎక్కాక ఇంజను గోల పెరిగింది, బండి మాత్రం మెల్లగా వెనక్కి జారి, మమ్మల్ని నీళ్ళ ఒడ్డున దించింది. మూత విప్పాను. జొన్నబెండు పొడి పొడిగా రాలింది.

బావ వేలితో కొంచెం తీసి చూశాడు. "ఏందిరా ఇది, పేలపిండా?"

చెప్పేశాను. బావ తిట్టలేదు. పంచె సర్దుకుని రాయి మీద కూర్చున్నాడు. "గొర్రెలు కూడా మాట్లాడవురా బామ్మర్దీ. నీకు బాగానే కుదురుద్ది."

అదే గట్టు దగ్గర నరసరావుపేట పోయే బొగ్గు బస్సు కూడా ఆగిపోయి ఉంది. బొగ్గు పొగతో నడిచే ఆ బస్సులు ఎత్తు వస్తే జనాన్ని దింపేస్తాయి. ముప్పైమంది దాకా నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. ముప్పైమంది దగ్గరా మూటలు, మూటల్లో సీసాలు. బావ నా వైపు చూడటం మానేసి సద్ది విప్పుకున్నాడు. ఇక మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

"నా బండిల బిరడాలు పోయినయి. మీ సీసాలకుంటె నాలుగు ఇయ్యున్రి."

అనుకున్నట్టే నవ్వారు. "నైజాం నుంచి బిరడాలు అడుక్కోవడానికి వచ్చాడ్రోయ్" అన్నాడు ఎవరో. ఒక అవ్వ మాత్రం మనవడి మందు సీసా బిరడా పీకి, సీసాకు గుడ్డ దోపింది. "ఇందా నాయనా. మా వాడు తాగితే కదా, ఎట్టాగూ కక్కుతాడు." అత్తరు అమ్ముకునే సాయిబు ఒకటి ఇచ్చి, "ఇంక నీ ఇంజను పెళ్ళికొడుకే" అన్నాడు. కండక్టరు సిరాబుడ్డి బిరడా ఇచ్చాడు. పంచెకట్టు ఆసామి ఒకాయన అటూ ఇటూ చూసి రొంటిన ఉన్న సీసా తీశాడు. "మూత లేకపోతే ఒలికిపోద్దిగా" అని అక్కడే మొత్తం తాగేసి బిరడా నా చేతిలో పెట్టాడు. జీలకర్ర కషాయం అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

వేడినీళ్ళు ఎక్కడివి? ఇప్పుడు నోరు తెరుచుకుంది కాబట్టి అదీ అడిగాను. డ్రైవరు బస్సు రేడియేటరు నీళ్ళు ముంతలోకి వదిలి, "ఏట్లో నీళ్ళు తెచ్చి మళ్ళీ నింపేది నువ్వే" అన్నాడు. నాలుగు ముంతలు మోశాను. ముప్పావు గంటలో బండి గట్టు ఎక్కింది. బస్సు ఇంకా కిందే ఉంది. బావ వెనక్కి తిరిగి డ్రైవరుతో అన్నాడు: "తాడుంటే ఇయ్యి, లాగుతాం."

మూడు దాటాక నరసరావుపేట చేరాం. ఖాజా మామ క్లచ్చు మూత విప్పి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇది క్లచ్చా, సంతా?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. నేనే చెప్పాను, ఆపకుండా. చెప్పి, తిరుగు ప్రయాణానికి ఎందుకైనా మంచిదని ఆయన దగ్గర కూడా రెండు బిరడాలు అడిగాను. ఆయన చీటీ రాశాడు. మాచర్లలో మస్తాన్ మామ దాన్ని పైకి చదివాడు: "పిల్లగాడికి చెయ్యి ఉంది. నోరే కొంచెం ఎక్కువ. పెట్టుకో."

ఇప్పుడు ఆయన దగ్గరే పనిచేస్తున్నాను. వచ్చిన బండికల్లా ఏమైందని నేనే అడుగుతాను. పిల్లలు ఇప్పటికీ నా మాటకు నవ్వుతారు. నవ్వేవాడి దగ్గర కూడా బిరడా ఉంటుందని నాగులేరు గట్టున తెలిసింది కాబట్టి, నవ్వడం అయ్యేదాకా ఆగి అప్పుడు అడుగుతాను. పాత బండి బాగుచేసుకునే వాళ్ళకు ఒక్క మాట: బిరడాలు బిగించాక రాత్రంతా నూనెలో నానబెట్టి మర్నాడు బయల్దేరండి, దారిలో అంగుళం కూడా జారదు. జొన్నబెండు మాత్రం పిల్లల ఆటకే వదిలేయండి. నిన్న గురజాల నుంచి అచ్చం ఇలాంటి బండే ఒకటి వచ్చింది, దానికి ఇంకా ఐదు బిరడాలు తక్కువ. మీ ఇంట్లో ఖాళీ మందు సీసా ఏమన్నా ఉందా?