సుందరం గారి కోసం ప్రార్థన

వెనక వీధి టీచరుగారు పోయారని పాలాయన చెబితే నేను నమ్మలేదు. నిరుడు కూడా ఇలాగే బతికున్న మనిషినొకర్ని చంపేసి వీధివీధినీ పరుగులు పెట్టించాడు. చెంబు అక్కడే పెట్టి స్వయంగా వెళ్లి చూశాను. ఆవిడ వాకిట్లో చర్చి బెంచీలు వేసి ఉన్నాయి. అప్పుడు నమ్మి, ఆ బెంచీ మీదే కూలబడి ఏడ్చాను.

మా ఇంట్లో అందరిదీ అనుమానప్పక్షి జాతే. కూరగాయలామె తూకం వేస్తుంటే మా అత్తగారు తక్కెడ చూడరు, ఆమె వేళ్లు చూస్తారు. నేను ఆవిడకు తగ్గ కోడలిని. అయినా ఎమర్జెన్సీ రోజుల్లో భవానీపురంలో అనుమానం లేనివాళ్లెవరు? కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మగవాళ్లను తీసుకురమ్మని టీచర్ల మీద ఒత్తిడి వచ్చింది. తేకపోతే జీతాలు ఆపుతారని అందరూ చెప్పుకునేవారు. టీచరు వస్తోందంటే చాలు, ముగ్గురు పిల్లలున్న మగవాళ్లు దొడ్డిదారి పట్టేవారు. మాకూ ముగ్గురు. మా ఆయన లారీ షెడ్డులో మెకానిక్. ఆపరేషన్ అయితే ఇక బరువులు ఎత్తలేరని షెడ్డులో ఎవరో నూరిపోశారు. ఆయన బరువు ఎత్తకపోతే మా పొయ్యి వెలగదు. ఆ మాట నిజమో కాదో డాక్టరును అడుగుదామన్నా భయమే, అక్కడే పట్టుకుంటారేమోనని.

అలాంటప్పుడు మా రెండోదానికి టైఫాయిడ్ వచ్చింది. ఓ సాయంత్రం టీచరుగారు నల్ల గొడుగు చంకన పెట్టుకుని వచ్చారు. గుమ్మం బయటే నిలబడి చిన్నగా దగ్గారు. చెప్పులు ఎవరి కాలికీ అడ్డం రాకుండా గోడవారగా జరిపారు.

"పిల్లకు బాగోలేదటగా అమ్మా. మీకు అభ్యంతరం లేకపోతే ప్రార్థన చేసి వెళ్తాను. ఇంట్లో అందరి పేర్లూ చెప్పండి, పేరుపేరునా తలుచుకుంటాను," అన్నారు.

పేర్లెందుకు? దేవుడికి మా పేర్లు తెలియవా? మనసులో అనుకున్నాను గానీ పైకి అనలేదు. పిల్లల పేర్లు చెప్పాను. "మీవారి పేరో?" అన్నారు. మొగుడి పేరు నోటితో పలకకూడదన్న ఆచారం ఆరోజు నాకు భలే అక్కరకొచ్చింది. తల వంచుకుని ఊరుకున్నాను. వంటింట్లోంచి మా అత్తగారు "సుందరం!" అని కేకేశారు. మా వంశంలో ఏడు తరాలు వెతికినా సుందరం అనేవాడు లేడు.

మా ఆయన పెరట్లో చేతుల గ్రీజు కడుక్కుని అప్పుడే లోపలికి వస్తున్నారు. "రండి సుందరం గారూ," అని టీచరుగారు పిలిచారు. ఆయన వచ్చి నిలబడ్డారు. ఆవిడ మోకాళ్లూని, పిల్ల కోసం, సుందరం గారి కోసం ప్రార్థన చేసి, ఒక పాట పాడారు. ఆ గొంతుకు శ్రుతి అన్నది లేదు. జ్వరం వచ్చాక మా పిల్ల మొదటిసారి నవ్వింది ఆ పాటకే.

ఆ తర్వాత రోజూ వచ్చేవారు. "మతంలో కలపడానికన్నా వస్తూండాలి, ఆపరేషన్‌కన్నా వస్తూండాలి. ఊరికే వచ్చేది ఎండ ఒక్కటే," అనేవారు మా అత్తగారు. నాకూ అలాగే ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మీరు ఎవర్నీ తీసుకెళ్లలేదని జీతం ఆపేశారటగా. మీకు భయం లేదాండీ?"

"లేకేం అమ్మా! ఆఫీసు నుంచి కబురొస్తే మోకాళ్లు వణుకుతాయి. నిలబడితేనే గదా వణికేది? అందుకని ముందే మోకాళ్లూనేస్తాను. ప్రభువా, నా వల్ల కాదు, నువ్వే పక్కన ఉండు అంటాను. లేచేసరికి కాస్త తగ్గుతుంది. మొత్తం తగ్గుతుందని నేననను," అన్నారు.

ఒక మధ్యాహ్నం మా సందు మొగలో జీపు ఆగింది. బడి నుంచి టీచరుగార్ని పిలిపించారు. నేను కిటికీ రెక్క ఓరగా వేసి వింటున్నాను.

"ఈ పేటలో ఇల్లిల్లూ తిరుగుతారటగా టీచరమ్మా. ముగ్గురేసి పిల్లలున్న మగాళ్లెవరో మీకు తెలీదా?" అన్నాడు జీపులో ఆఫీసరు.

"తెలుసండీ."

నేను కిటికీ రెక్క ఇంకాస్త దగ్గరికి లాగాను.

"మరి చెప్పండి."

"చెప్పనండీ. ప్రార్థన చేస్తానని అడిగి తెలుసుకున్న పేర్లండీ అవి. ఇంకో పనికి వాడలేను."

"ఉద్యోగం పోతుంది."

"పోతుందేమోనండీ."

గొంతు మామూలుగానే ఉంది. చేతిలో గొడుగు మొన మాత్రం రోడ్డు మీద టకటకా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు కిటికీ దాకా వినబడింది.

జీపు వెళ్లిపోయింది. ఉద్యోగం పోలేదు గానీ, ఎమర్జెన్సీ అయిపోయేదాకా ఆవిడకు జీతం రాలేదు. గంజి తాగి బడికి వెళ్లేవారు. జీపు వచ్చిన సాయంత్రం కూడా మా ఇంటికొచ్చి సుందరం గారి కోసం ప్రార్థన చేశారు. ఆవిడ వెళ్లాక మా అత్తగారు, "చెప్పినా సుందరమనే గదా చెప్పేది! దొరికేవాడా?" అన్నారు. నిజమేననుకున్నాను. మమ్మల్ని కాపాడింది మా తెలివేనని చాలాకాలం నమ్మాను.

పోయినవారం ఆవిడకు మరీ బాగోలేదంటే చూడబోయాను. మంచం మీద లేవలేకుండా ఉన్నారు. "కాళ్లు మొరాయించాయి, పడుకునే ప్రార్థన చేస్తున్నా," అని నవ్వారు. మా పిల్లల్ని పేరుపేరునా తలుచుకుని, తర్వాత మా ఆయన పేరు చెప్పారు. సుందరం కాదు, అసలు పేరు.

"ఆ పేరు మీకెప్పుడు తెలిసిందండీ?" అన్నాను.

"మొదట్లోనే. సుందరం గారూ అని పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూశారమ్మా, ఇంకెవరొచ్చారా అని! మర్నాడు మీ అత్తగారు వీధి చివరికి వినబడేలా అసలు పేరుతో అన్నానికి పిలిచారు."

"మరి ఇన్నాళ్లూ సుందరమనే ఎందుకన్నారండీ?"

"భయపడి పెట్టుకున్న పేరు గదా. భయమున్నన్నాళ్లూ ఉండనీ అనుకున్నా. మనిషెవరో ప్రభువుకు తెలుసులే."

ఇంటికి ఎలా నడిచొచ్చానో నాకు తెలియదు. జీపు ముందు నిలబడ్డ ఆ మధ్యాహ్నం ఆవిడ నోట్లో ఉన్నది మా ఆయన అసలు పేరే. ఆవిడకు మేమింత రుణపడి ఉన్నామని ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం సగంలో లేచిపోయారు.

సమాధుల తోటలో ఆవిడ పెట్టె మీద అందరూ తలా గుప్పెడు మట్టి వేస్తున్నారు. మా ఆయన కూడా వంగి మట్టి తీసుకున్నారు. చర్చి అయ్యగారు ఈ మధ్యే వచ్చినాయన, మమ్మల్ని ఎరగరు. "మీ పేరండీ?" అని అడిగారు. కొత్తవాళ్లు పేరడిగితే మా ఆయన ఈనాటికీ ముందు అటూ ఇటూ చూస్తారు. ఆరోజు చూడలేదు.

"సుందరాన్నండీ," అన్నారు. మట్టి ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది.